బతికున్న అతిథికి బుర్రకథలో చావు

ఉద్యోగంలో ఏమేం చేశారని ఈమధ్య కుర్రవాళ్ళు నన్ను అడుగుతూ ఉంటారు. అడిగేటప్పుడు వాళ్ళ చూపు ఫోను మీదే ఉంటుంది కాబట్టి, "ఏముంది నాయనా, కుర్చీలు వేయించాను, కుర్చీలు తీయించాను" అని ఊరుకుంటాను. అదేమీ అబద్ధం కాదు. కోలారు బంగారు గనుల్లో వెల్ఫేర్ ఆఫీసు అసిస్టెంటుగా నేను చేసిన పనిలో సగం అదే. క్లబ్బు హాల్లో సభ అంటే కుర్చీలు, మైకు, దండలు, టీ. మిగతా సగం, వచ్చిన పెద్దమనుషులు ఏం మాట్లాడినా చప్పట్లు కొట్టడం. కానీ ఆ ఉద్యోగంలోనే నేను ఒకసారి ఒక మనిషిని చంపించాను. చంపించి, నెల తిరక్కుండానే అతనికి దండ వేసి ముందు వరుసలో కూర్చోబెట్టాను. ఆ సంగతి చెబుతాను, ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి.

గనులు తెల్లవాళ్ళ కంపెనీ చేతిలోంచి ప్రభుత్వం చేతికి వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. దొరలు పోయారు గానీ దొర అనే మాట పోలేదు. మైసూరు నుంచి వచ్చిన మా వెల్ఫేర్ ఆఫీసరు చిన్నదొర, గనుల పైన ఉన్న పెద్ద అధికారి పెద్దదొర. నేను రాబర్ట్‌సన్‌పేట బజారులో పచారీ కొట్టు వాళ్ళ అబ్బాయిని. కొట్లో కూర్చోమంటే బి.ఎ. చదివి ఈ ఉద్యోగంలో చేరాను. "కంది బ్యాళ్ళు తూకం వేసేదానికి సిగ్గు, కుర్చీలు మోసేదానికి సిగ్గు ల్యా వీడికి" అని మా నాయన వచ్చిన గిరాకీలందరికీ చెప్పేవాడు. అందులో కొంత నిజం ఉందని నాకూ అనిపించేది, అందుకే మరీ కోపం వచ్చేది.

ఒకనాడు ఆఫీసరు నన్ను పిలిచాడు. సోవియట్ దేశం నుంచి గనులు చూడడానికి ఒక బృందం వస్తోందట. ప్రతిసారీ విదేశాల వాళ్ళకు చిన్నపిల్లల భరతనాట్యం చూపించి పెద్దదొరకు విసుగొచ్చిందట.

"ఏనప్పా, ఈసారి ఏదైనా హొసదు బేకు, కొత్తది. కార్మికులే చేయాలి. వాళ్ళ దేశం మనిషి మీదే అయితే ఇంకా మంచిది" అన్నాడు, సగం కన్నడంలో, సగం తెలుగులో.

కార్మికుల్లో కళ అంటే నాకు వెంటనే గుర్తొచ్చే మనిషి ఒక్కడే. ముళబాగిలు తాలూకా బైరకూరు వాడు. గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్. పండగలకు తంబుర పట్టుకుని బుర్రకథ చెబుతాడు. గొంతు ఎత్తితే క్లబ్బు హాల్లో మైకు దండగ. కానీ ఆ గొంతు వెనక అప్పటికే దగ్గు చేరింది. ఏళ్ళ తరబడి పీల్చిన రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంది. ఇతన్ని ఇంక కిందికి దింపొద్దు, పైన పని ఇవ్వండి అని గని ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. ఆ పని ఇవ్వాల్సింది మా ఆఫీసరు. అడిగినప్పుడల్లా "ఖాళీ ఇల్లప్పా, లేదు" అనేవాడు. పని మానేస్తే గని వాళ్ళిచ్చిన ఇల్లు ఖాళీ చేయాలి. మానకపోతే దుమ్ము. పాపం, అతను దగ్గుకుంటూ రోజూ కిందికి దిగుతూనే ఉన్నాడు.

నేను ధైర్యం చేసి, "సార్, ప్రోగ్రాం బాగా కుదిరితే ఆయనకు పైన పని చూస్తారా?" అన్నాను.

"చూద్దాం" అన్నాడు ఆఫీసరు. సర్కారు ఆఫీసులో ఆ మాటకు ఎంత విలువో నాకు తెలుసు. అయినా పరుగున వెళ్ళి అతనికి చెప్పాను.

"ఎవురి కథ చెప్పమంటావప్పా? చెప్పు. గాడిద కథ చెప్పమన్నా చెప్తాను."

రీడింగు రూములో సోవియట్ పుస్తకాలు బోలెడు ఉండేవి. పెద్దపెద్ద నాయకుల కథలన్నీ యూనియన్ల దళాలు అప్పటికే వాయించేశాయి. వెతగ్గా వెతగ్గా ఒక పలచటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. లాత్వియా అనే చిన్న దేశం, అప్పటికి సోవియట్‌లో ఒక భాగం. అక్కడి కమ్యూనిస్టు నాయకుడు, పత్రికా సంపాదకుడు ఒకాయన జీవితం అది. నాన్న రీగా రేవులో ఓడల మూటలు దింపే కూలీ. చదువురాని కూలీలకు కొడుకు పేపరు చదివి వినిపిస్తూ పెరిగాడు. పెద్దయ్యాక ఒక రొట్టెల దుకాణం కింద నేలమాళిగలో దొంగచాటుగా పత్రిక అచ్చువేశాడు. చేపల పీపాల్లో దాచి ఊళ్ళకు పంపాడు. పట్టుబడి జైల్లో పడ్డాడు. తప్పించుకుని లండనుకు పోయి, ఓడ కళాసీల పత్రికలో పనిచేశాడు. యుద్ధం అయ్యాక తిరిగొచ్చి, ఎన్నికై, మంత్రి అయ్యి, మళ్ళీ పత్రికకే వచ్చి సంపాదకుడిగా కూర్చున్నాడు.

రోజూ షిఫ్టు దిగాక టీ అంగడి బెంచీ మీద అతనికి ఈ కథ చెప్పేవాణ్ణి. వంత పాడేవాళ్ళు ఇద్దరూ వచ్చేవాళ్ళు. ఒకడు గుమ్మెట వాయిస్తూ రాజకీయం విడమరిచేవాడు. ఇంకొకడు దీపాల గదిలో పనిచేసే తమిళాయన, హాస్యం ఆయనది. విన్నది విన్నట్టు వాళ్ళు ఉంచితేనా! చేపల పీపాలు బైరకూరు వాళ్ళకు తెలియవని మామిడి బుట్టలు చేశారు. వాళ్ళు నల్లటి రొట్టె తింటారని నేనంటే, "నల్లగా ఉంటాదా? అయితే రాగి సంగటే, ఏం సందేహం ల్యా" అని తేల్చేశారు. మంచు కురవడం ఒక్కటే వాళ్ళకు అంతుబట్టలేదు. దాన్ని వదిలేసి వాన పెట్టారు. లాత్వియా వీరుడు వానలో తడుస్తూ, మామిడి బుట్ట నెత్తిన పెట్టుకుని, సంగటి ముద్ద మింగి, పోలీసులను ఏమార్చి పోతున్నాడు. వింటుంటే నాకే ముచ్చటేసింది.

చిక్కంతా చివర్లో వచ్చింది.

"జైల్నుంచి తప్పించుకున్నాడు, సరే. ఆమీద?" అన్నాడు కథకుడు.

"ఆమీద మంత్రి అయినాడు. కమిటీలు, మీటింగులు. ఇప్పుడు ఎడిటరు."

"యాడ సచ్చినాడు?"

"చావలేదన్నా, ఉండాడు."

ముగ్గురూ నా మొహం వైపు అదోలా చూశారు. సరుకు తీసుకుని తూకంలో తగ్గిందని కనిపెట్టిన గిరాకీలు మా నాయన వైపు అలా చూసేవాళ్ళు.

"ఏందప్పా ఇది, వీరుడు కుర్సీలో కూసుంటే కథ అయిపోయినట్లా? మా ఊర్లో వీరుడు పడిపోయే దినమే జనం నిండేది. ఆడోళ్ళు ఆరతి తట్టలు ఎత్తుకొని వస్తారు. మీటింగుకు పోయినాడంటే తట్ట యాడ తిప్పేది, మేజాబల్ల చుట్టూనా?"

హాస్యం ఆయన అందుకున్నాడు. "అవరు ఎంతో దూరం దేశం మనిషి సార్. ఇక్కడ సచ్చిపోతే అక్కడ ఏం నష్టం?"

నాకూ అదే సబబనిపించింది. ఏడు సముద్రాల అవతలి మనిషి, ఆయనకు తెలిసేదెట్లా? అలా ఆయన్ను జైలు ఆవరణలో గోడకు ఆనించి కాల్చి చంపించాం. పడిపోతూ ఆయన పాడే చరణం కట్టడానికి కథకుడు చాలా తంటాలు పడ్డాడు. కట్టాక మాత్రం, విన్నవాళ్ళ ఒళ్ళు జలదరించేది.

*గుండెలో దిగిన గుండు నాదేలే, తందాన తాన*
*అచ్చులో దిగిన అక్షరం నీదే, తందాన తాన*

మొదటిసారి బైరకూరులోనే చెప్పారు. ఊరు ఊరంతా ఏడ్చింది. అతని మేనత్త ముసలమ్మ హారతి తిప్పి, "ఎంత మంచి బిడ్డప్పా, ఎవురు కన్న బిడ్డో" అని రెండు దినాలు అన్నం ముట్టలేదట. నేను సంతోషంగా ఆఫీసుకు వచ్చి అదిరిపోయిందని చెప్పాను. ఆఫీసరు నా చేతికి ఒక కాగితం ఇచ్చాడు. రాబోయే బృందం పేర్లు. మొదటి పేరు మా వీరుడిదే.

కూర్చున్న కుర్చీ నా కింద ఉందో లేదో తెలియలేదు. ఆఫీసరేమో ఆనందం పట్టలేకపోతున్నాడు. "అదృష్టం నోడప్పా, చూడు! ఆయన కథ ఆయన ముందే! పెద్దదొరకు చెప్పేశాను."

ఇంకేం చేయను, టింబర్‌మన్ ఇంటికి పరుగెత్తాను. సంగతి విని అతను మంచం మీద కూర్చుండిపోయాడు.

"బతికించాలన్నా. ఎట్లయినా బతికించాలి. లేదంటే నీ పైన పనీ పోతాది, నా పనీ పోతాది."

"అంత మంచి చావప్పా..." అన్నాడు దిగులుగా. చివరికి ఒప్పుకున్నాడు. గోడ దగ్గరికి తీసుకుపోతారు, తుపాకులు ఎత్తుతారు, వీరుడు గోడ దూకి పారిపోతాడు, తర్వాత పత్రిక పెట్టి కార్మికులకు దారి చూపుతాడు. ఇదీ మేం కుదుర్చుకున్న కొత్త ముగింపు. అతను పిల్లల మీద ఒట్టేశాడు. అయినా నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే కొత్త చరణం పాడేటప్పుడు అతని గొంతులో ప్రాణం లేదు.

ఆ రోజు రానే వచ్చింది. సాయంత్రం క్లబ్బు హాలు నిండిపోయి, జనం కిటికీలు పట్టుకుని వేలాడుతున్నారు. అతిథి పొడుగాటి మనిషి, తెల్లటి కనుబొమ్మలు, మెడలో కెమెరా. లండనులో ఉన్నాడు కదా, ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతున్నాడు. ఆయన పక్కన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు, కథను ఎప్పటికప్పుడు ఇంగ్లీషులో చెప్పడానికి. అటువైపు పెద్దదొర, ఆ పక్కన మా ఆఫీసరు.

కథ మొదలైంది. అతిథి మోకాలి మీద తాళం వేస్తున్నాడు. బుట్టల సంగతి చెబితే పడిపడి నవ్వాడు. "మామిడి పండు నేను ఇక్కడికి వచ్చాకే చూశాను, కానీ కథకు చేపల కంటే ఇదే బాగుంది" అన్నాడు. నా ప్రాణం కుదుటపడింది. ఆఫీసరు నా వైపు చూసి తల ఊపాడు. ఖాళీ పుట్టుకొస్తున్నట్టే అనిపించింది.

కథ జైలు ఆవరణలోకి వచ్చేసరికి హాలు వెనక ఏదో కదలిక. తిరిగి చూద్దును కదా, బైరకూరు ఆడవాళ్ళు! బస్సు మాట్లాడుకుని వచ్చేశారు. ముందు మేనత్త, చేతిలో హారతి తట్ట, కర్పూరం అప్పుడే వెలిగించేసింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. వేదిక మీద కథకుడు ఆమెను చూశాడు. చూసి తంబుర ఆపాడు. కథలో దూకాల్సిన గోడ అక్కడే ఉంది. అతను దూకలేదు. గొంతెత్తి పాత చరణం అందుకున్నాడు.

గుమ్మెట వాడికి ఏం చేయాలో తోచక అలవాటు కొద్దీ తందాన తాన అన్నాడు. కథకుడు మూడు గుండ్లు తిని, ఒక్కో గుండుకూ ఒక్కో మెలిక తిరిగి, దబ్బున పడిపోయాడు. హాలంతా గొల్లుమంది.

"ఏం జరిగింది?" అన్నాడు అతిథి.

"కాస్త అలసిపోయి పడుకున్నారు సార్" అన్నాను.

"మరి అందరూ ఎందుకు ఏడుస్తున్నారు?"

"మా వాళ్ళకు జాలి గుండె సార్. ఎవరు అలసిపోయినా తట్టుకోలేరు."

ముసలమ్మ వేదిక ఎక్కి, పడుకున్నాయనకు హారతి తిప్పుతోంది. అతిథి అది చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"బాబూ, నేను చాలా ఏళ్ళు పత్రిక నడిపాను. మంత్రులు ఎన్నో చెప్పేవాళ్ళు, నేనూ మంత్రిగా కొన్ని చెప్పాను. అబద్ధం చెప్పేవాడి చెవులు ఎలా ఉంటాయో నాకు బాగా తెలుసు. మీ చెవులు ఎర్రగా ఉన్నాయి."

ఇంక దాచి ఏం లాభం? "సార్, తమరు ఇప్పుడే చనిపోయారు" అన్నాను.

ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. కోప్పడతాడేమో అని భయపడ్డాను. రెండూ కాలేదు. ఆ చరణం అర్థం చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన మెడలోంచి కెమెరా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రొట్టెల దుకాణం కింద పత్రిక వేసింది నేనొక్కణ్ణే కాదు" అన్నాడు నెమ్మదిగా. "అక్షరాలు పేర్చేవాడు నా స్నేహితుడు. ఇద్దరం ఒక్కరోజే దొరికాం. నేను తప్పించుకున్నాను, వాడు పరిగెత్తలేకపోయాడు. వాణ్ణి ఇలాగే, గోడకు ఆనించే కాల్చారు. నా మీద పుస్తకాలు రాశారు, వాడి గురించి ఎవరూ ఒక్క మాట రాయలేదు. ఇక్కడ, ఇంత దూరంలో, వాడి కోసం ఇంతమంది ఏడుస్తారని నేను కలలో కూడా అనుకోలేదు."

ఆయన లేచి వేదిక మీదికి నడిచాడు. మైకులో మా ఆఫీసరు, ఊరి వాళ్ళంతా ఆయన చచ్చాడనే నమ్ముతున్నారని తెలియక, "ఈ కథానాయకుడు మన మధ్యే ఉన్నారు" అని ప్రకటించేశాడు. మేనత్త తట్ట కింద పెట్టి, ఆయన చేయి తడిమి చూసి, "అయ్యో నా తండ్రీ, బతికే ఉండావా! ఏమప్పా, ఇంత పొడుగు మనిషివి, చెప్పొచ్చు కదా, రెండు దినాలు అన్నం తినకుంటి!" అని కోప్పడింది. నేను ఆ మాట ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన వంగి ఆమె చేతులు కళ్ళకద్దుకున్నాడు.

చచ్చిపడ్డ కథకుడు లేవాలో వద్దో తెలియక ఒక కన్ను తెరిచి చూస్తున్నాడు. అతిథి అతని చేయి పట్టుకుని లేపి, గట్టిగా కౌగిలించుకున్నాడు. సరిగ్గా అప్పుడే అతనికి దగ్గు వచ్చింది. అంతసేపు బిగబట్టుకున్న దగ్గు, ఆగి చావలేదు. ఆయన భుజం పట్టుకుని వంగి వంగి దగ్గాడు. రేవు కూలీ కొడుక్కి దగ్గుల్లో తేడా తెలియదా? ఆయన మొహం మారిపోయింది.

"ఈయన ఎక్కడ పనిచేస్తాడు?" అని పెద్దదొరను అడిగాడు.

పెద్దదొర మా ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"పైనే సార్! టింబర్ యార్డులో. ఎండలో, మంచి గాలిలో!"

"చాలా సంతోషం" అన్నాడు అతిథి. "రేపు మధ్యాహ్నం వచ్చి, పనిలో ఉండగా ఒక ఫోటో తీసుకుంటాను. నా పత్రికలో వేస్తాను."

ఆఫీసరు చెవులు ఎలా ఉన్నాయో నేను ప్రత్యేకంగా చూశాను. మీరే ఊహించుకోండి.

ఆ రాత్రి ఇంటికి పోయే దారిలో కథకుణ్ణి పట్టుకుని దులిపేశాను. "పిల్లల మీద ఒట్టేసినావు కదన్నా!"

"నేనేం చేసేది? మా అత్త సగం ఏడ్చేసింది. సగం దాకా ఏడ్చిన మనిషిని ఏమని ఆపేది, నువ్వే చెప్పు. ఆరతి వెనక్కి పంపకూడదప్పా. పోతే పోనీ పని, అనుకున్న్యా." రెండడుగులు వేసి ఆగాడు. "ఇంగ నన్ను కిందికే పంపుతారు కదా?"

"పొద్దున్నే టింబర్ యార్డుకు రా. ఆఫీసరు చెప్పినాడు" అన్నాను. అతను నమ్మలేదు. నేనూ పూర్తిగా నమ్మలేదు. ఫోటో అయ్యాక సాయంత్రం షిఫ్టుకే మళ్ళీ కిందికి దింపేస్తారని ఇద్దరి మనసులోనూ ఉంది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ యార్డుకు వచ్చారు. నీలగిరి దుంగల కుప్పల మధ్య అతను నిలబడి ఉన్నాడు, పెళ్ళికొడుకులా కొత్త చొక్కా వేసుకుని. అతిథి ఫోటో తీసి, నన్ను పిలిచాడు.

"ఇక్కడ ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నారో అడుగు."

అడిగాను. ఆఫీసరు అతని వెనక నిలబడి, చేతులతో ఏళ్ళ మీద ఏళ్ళు చూపిస్తున్నాడు.

కథకుడు వాళ్ళెవరినీ చూడలేదు. "ఈపొద్దు పొద్దున్నుంచి సామీ. రేపు ఉంటానో ల్యాదో తెలీదు" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. ముందురోజు సాయంత్రమంతా నా నోటి వెంట వచ్చినవి ఇంగ్లీషు అబద్ధాలే కదా, ఇంకొకటి కలపడం ఎంతసేపు? కానీ కలపలేకపోయాను. ఒక్క ముక్క పొల్లు పోకుండా చెప్పేశాను. మా నాయన కొట్టు, బ్యాళ్ళ మూటలు కళ్ళ ముందు కనిపించాయి.

అతిథి ఆఫీసరును ఒక్క మాటా అనలేదు. పెద్దదొర దగ్గరికి వెళ్ళి, ఆయన చేయి పట్టుకుని ఊపాడు. "మీరు నిన్న నాకు మాటిచ్చి, ఈరోజు పొద్దున్నకే నెరవేర్చారు. మా దేశంలో మంత్రులు కూడా ఇంత త్వరగా పనిచేయరు. ఫోటో కింద ఇదే రాస్తాను. పత్రిక మీకు పంపుతాను, వచ్చే ఏడు ఆయన ఇక్కడే ఎలా ఉన్నాడో మీరు నాకు తెలియజేయండి."

ఇవ్వని మాటకు మెప్పు అందుకున్న పెద్దదొర మొహంలో రంగులు మారాయి. మారి మారి, చివరికి నవ్వు దగ్గర ఆగాయి. "ఇక్కడే ఉంటాడు" అన్నాడు, ఆఫీసరు వైపు తిరిగి, అందరికీ వినపడేటట్టు.

కార్లు వెళ్ళిపోయాయి. దుమ్ము అణిగింది. యార్డులో ఇద్దరమే మిగిలాం. నిప్పులు చెరిగే ఎండ. నేను కొట్టం నీడలోకి ఉరికి, "రా అన్నా, మాడిపోతావు" అని కేకేశాను.

అతను కదల్లేదు. దుంగ మీద కూర్చుని, కొత్త చొక్కా గుండీలు విప్పుకుని, మొహం పైకెత్తి, కళ్ళు మూసుకున్నాడు.

"పని దినం మద్యాన్నం ఎండ చూసి ఎన్నేండ్లాయనో అప్పా" అన్నాడు. "ఉండనీ. ఇంగ కొంచేపు ఉండనీ."